ఒడ్డున నిప్పుల మీద చేప

(యేసు చావు నుంచి లేచిన రోజుగా చేసుకునే ఈస్టర్ తర్వాతి ఆదివారం సాయంత్రం, విశాఖపట్నం వన్‌టౌన్‌లోని ఒక చర్చి హాల్లో చేసిన ప్రసంగం)

అందరికీ వందనాలు. పాస్టరుగారు నాకు ఇరవై నిమిషాలిచ్చారు. ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసినదాన్ని. టైముకి మందివ్వడం అలవాటే గాని టైముకి మాట ఆపడం అలవాటు లేదు. ఎక్కువైతే వెనక నుంచి ఎవరైనా చెయ్యి ఊపండి.

పోయిన ఆదివారం చీకటితోనే మనలో చాలామంది సమాధుల తోటలో ఉన్నాం. ముందురోజే సున్నం వేయించుకున్నాం, బంతిపూలు తెచ్చుకున్నాం. కొవ్వొత్తులతోనే వచ్చింది తంటా. సముద్రపు గాలికి అవి నిలవవు కదా. మా ఆయన సమాధి దగ్గర నేను తొమ్మిది అగ్గిపుల్లలు గీశాను. పక్క సమాధి దగ్గరున్న కుర్రాడు వాటర్ బాటిల్‌ని సగానికి కోసి కొవ్వొత్తి చుట్టూ బోర్లించాడు. దీపం నిలిచింది. నా అవస్థ చూసి నాకూ ఒకటి కోసిచ్చాడు.

"అంకుల్ పోయి ఎన్నాళ్లయింది ఆంటీ?" అన్నాడు. నాలుగేళ్లన్నాను. వాళ్ల నాన్న పోయి ఏడు నెలలేనట. కాసేపు పూలు సర్దుతూ ఉండి, తలెత్తకుండానే అడిగాడు: "నిజంగా లేస్తారా ఆంటీ?"

అప్పుడే గేటు దగ్గర పాట ఎత్తుకున్నారు. నేనూ గొంతు కలిపేశాను. అంటే తప్పించుకున్నాను. వారం నుంచీ ఆ ప్రశ్న నన్ను తినేస్తోంది. ఆ బాబు ఇవాళ వచ్చాడో లేదో తెలీదు. అప్పుడు చెప్పని మాట ఇక్కడ చెప్పుకుంటాను.

చేతికందే జవాబు ఒకటుంది. హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు మనది. 2014 అక్టోబరు 12, అది కూడా ఆదివారమే. మర్నాడు తెల్లారేసరికి కైలాసగిరి మీద పచ్చదనం లేదు, ఎవరో కాల్చేసినట్టు గోధుమరంగు కొండ మిగిలింది. మా వీధిలో వేపచెట్టు మీద ఒక్క ఆకు లేదు. కొన్ని వారాలకి అదే చెట్టు చిగురేసింది. ఆ తర్వాతి ఈస్టర్‌కి ఎన్ని ప్రసంగాల్లో ఆ చిగుళ్లు విన్నామో! సండే స్కూల్లో పిల్లలకి నేనూ చెప్పాను.

ఇప్పుడు చెప్పను. ఎందుకంటే ఆ చెట్టు చావలేదు. ఆకు పోయింది, కొమ్మ విరిగింది, వేరు మాత్రం బతికే ఉంది. వార్డులో నేను చూసిన చావు అలాంటిది కాదు. మానిటర్ మీద గీత తిన్నగా అయిపోయి, డాక్టరుగారు వాచీ చూసి టైము చెప్పాక, నేను దుప్పటి మొహం మీదికి లాగాక, అక్కడ చిగురేం రాదు. ఆ కుర్రాడికి చిగుళ్ల కథ చెబితే అది ఓదార్పు కాదు, మోసం.

తొలి క్రైస్తవ సంఘాలకి పత్రికలు, అంటే ఉత్తరాలు, రాసిన పౌలు ఆ మోసం చెయ్యలేదు. కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో మొహమాటం లేకుండా తేల్చేశాడు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం, మనంత దౌర్భాగ్యులు ఇంకెవరూ లేరు అన్నాడు. ఋతువుల్ని చూసి మురిసే మనిషి ఇలా రాయడు. ఆ సంగతి జరిగి పాతికేళ్లు తిరక్కముందే, లేచిన ప్రభువుని 500 మందికి పైగా చూశారనీ, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ రాస్తున్నాడు. కావాలంటే వెళ్లి అడగండి అన్నట్టు. నేను నమ్మేది అదే. బాబూ, రుజువు చూపించమంటే నా దగ్గర లేదు. నమ్మి బతుకుతున్నాను, అంతవరకే చెప్పగలను.

ఇక్కడ ఒక మాట దగ్గర కాస్త ఆగుతాను. ఊళ్లోవాళ్లకి నిరీక్షణ అంటే ఎదురుచూడటం. మన బైబిల్లో విశ్వాసం, ప్రేమల నడుమ కూర్చున్న మాట అదే. 'ఆశ' కాదు. తెలుగులో ఆశకి కాస్త చెడ్డపేరుంది లెండి. ఆశపోతు అంటాం, లేనిపోని ఆశలు పెట్టొద్దంటాం. నిరీక్షణలో ఆ యావ లేదు. వచ్చేవాళ్లు ఉన్నారని తెలిసి గుమ్మం వైపు చూడటం ఉంది. కాకపోతే ఎంతసేపో తెలీదు.

ఆ ఎంతసేపో తెలీనితనం ఈ ఊరికి కొత్త కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డీ గ్రాంజెస్ అనే ఇద్దరు ఇక్కడికొచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని, అంటే బైబిల్లో యేసు కథ చెప్పే పుస్తకాల్ని, తెలుగులోకి తెచ్చే పని పెట్టుకున్నారు. 1809లో క్రాన్ పోయారు. మరుసటి ఏడు డీ గ్రాంజెస్ పోయారు. ఆ తర్వాతే వాళ్లు కష్టపడ్డ సువార్తలు బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఒక్క అచ్చు పేజీ కూడా వాళ్లు కళ్ల చూడలేదు. ఇంగ్లిషువాళ్ల రాజ్యం, వ్యాపారం, ఆ గొడవలన్నీ ఆ కాలంలో ఉన్నాయి, లేవనను. కాని ఈ వీధుల్లో చెమటలు కక్కుతూ గుణింతాలు దిద్దుకుని, ఫలం చూడకుండా వెళ్లిపోయిన ఆ ఇద్దరిని తలుచుకుంటే నాకు జాలీ వేస్తుంది, కాస్త ధైర్యమూ వస్తుంది.

లూకా సువార్త 24వ అధ్యాయంలో ఇద్దరు మనుషులు యెరూషలేం వదిలేసి ఎమ్మాయు అనే పల్లెకి నడిచిపోతుంటారు. పదకొండు కిలోమీటర్లుంటుంది. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా నడిచినంత అనుకోండి. మూడో మనిషి వచ్చి కలుస్తాడు. ఆయనే ప్రభువని వాళ్లకి తెలీదు. ఆయనతోనే ఆయన గురించి చెబుతారు: మమ్మల్ని విడిపించేది ఆయనే అని నిరీక్షించాం. చూశారా, భూతకాలం. నిన్నటిదాకా నిరీక్షించాం, ఇవాళ లేదు. బైబిల్లో అంత దిగులు మాట నాకు ఇంకోటి కనబడదు. మా ఆయన ఐసీయూలో పదకొండు రోజులున్నాడు. పన్నెండో రోజు నేను కూడా ఆ కాలంలోనే మాట్లాడాను.

ఆయన పోయాక మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూటంలో ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "ఏడవకమ్మా, ఏడిస్తే నీకు విశ్వాసం లేదనుకుంటారు" అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. మాట మాత్రం తప్పు. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. మరో నిమిషంలో తానే లేపబోతున్నాడని తెలిసీ ఏడ్చాడు. తాను లేచిన రోజు తోటలో, తన శిష్యురాలు మగ్దలేనే మరియ ఏడుస్తుంటే ఎందుకు ఏడుస్తున్నావని అడిగాడు గాని, ఏడిస్తే బాగుండదని అనలేదు. ఆవిడ ఆయన్ని తోటమాలి అనుకుంది. కన్నీళ్లతో చూస్తే అలాగే కనిపిస్తుంది మరి. పేరు పెట్టి పిలిచాక పోల్చుకుంది. దయచేసి ఇకనుంచి మన ఆదరణ కూటాల్లో ఆ మాట అనకండి. వెళ్లి పక్కన కూర్చోండి, అంతే.

నర్సుగా నన్ను పట్టేసిన ఇంకో సంగతి గాయాలు. లేచిన శరీరానికి గాయాలుండకూడదు కదా? మరణాన్నే గెలిచినవాడికి నాలుగు మేకుల గుర్తులు మాన్పుకోవడం ఒక లెక్కా? కాని గాయాలు చూస్తే గాని నమ్మనన్న శిష్యుడు తోమాకి చెయ్యి చాపి చూపించాడు. ఆపరేషన్ మచ్చ పోతుందా సిస్టర్ అని పేషెంట్లు అడిగేవారు. పోదమ్మా, నొప్పి పోతుంది అనేదాన్ని. ఆ రోజుల్లో తోమా గుర్తు రాలేదు. ఇప్పుడొస్తున్నాడు.

ఇంక యోహాను సువార్త 21వ అధ్యాయం. ఇది మన ఊరి అధ్యాయం. యేసు పోయాక ఆయన శిష్యుడు పేతురు చేపలు పట్టడానికి పోతున్నానంటాడు, మిగతా శిష్యులు మేమూ వస్తామంటారు. రాత్రంతా వేటాడినా వలలో ఏమీ లేదు. తెల్లారేసరికి ఒడ్డున ఎవరో నిలబడి కుడివైపు వెయ్యమంటాడు. పడినవి 153 చేపలు. ఈ అంకె గురించి పండితులు పదహారు వందల ఏళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నారు. ఒకటి నుంచి పదిహేడు దాకా కూడితే 153 వస్తుందని అగస్టీన్ అనే పాతకాలపు క్రైస్తవ పండితుడు లెక్క తేల్చాడు. ఒకసారి వార్డులో ఒక జాలరి తాతకి ఈ కథ చదివి వినిపించి, "ఎందుకు తాతా లెక్కపెట్టారు?" అన్నాను. "ఏటమ్మా అలాగంటావు? లెక్కెట్టకపోతే వాటాలెలా పంచుకుంటారు?" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు అగస్టీన్ కంటే ఆ తాత వ్యాఖ్యానమే ఇష్టం.

అయితే నా కన్ను ఎప్పుడూ ఒడ్డు మీదే. వాళ్లు దిగేసరికి అక్కడ బొగ్గుల నిప్పులు, వాటి మీద చేప, పక్కన రొట్టె. మరణాన్ని గెలిచొచ్చిన ప్రభువు పొద్దున్నే వంట చేస్తున్నాడు! చనిపోయిన యాయీరు కూతుర్ని "తలీతాకుమీ", అంటే చిన్నదానా లే, అని లేపినప్పుడు కూడా అంతే. లేచిన వెంటనే పిల్లకి తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. ఏ నర్సయినా అదే చెబుతుంది.

ఆ నిప్పుల్లో ఇంకో సంగతుంది. యోహాను సువార్తలో బొగ్గుల నిప్పు రెండే చోట్ల వస్తుంది. మొదటిది ప్రధానయాజకుడి ఇంటి ముంగిట్లో. యేసుని పట్టుకెళ్లాక, అక్కడ చలి కాచుకున్న రాత్రే పేతురు ఆయన శిష్యుణ్ని కానన్నాడు, అలా మూడుసార్లు. రెండోది ఈ ఒడ్డున. నన్ను ప్రేమిస్తున్నావా అని ఆయన అడిగిందీ మూడుసార్లే. పేతురు పడిపోయింది ఏ సెగ దగ్గరో, ఆ సెగ దగ్గరే కూర్చోబెట్టి లేపాడు. కొత్త ఊరు, కొత్త పేరు ఇచ్చి పంపెయ్యలేదు.

ఇవాళ హార్బర్ వైపు నుంచి వచ్చినవాళ్లు చూసే ఉంటారు, బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. 2023 నవంబరులో ఒక రాత్రి 40 దాకా బోట్లు కాలిపోయిన హార్బర్ అదే. వేట లేదని అక్కడ ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. వలల చిరుగులు అల్లుతున్నారు, ఇంజన్లు విప్పారు, చెక్కలు మార్చి రంగులేస్తున్నారు. నిరీక్షణ అంటే ఏమిటో నాకు డిక్షనరీలో కంటే అక్కడ బాగా అర్థమైంది. సముద్రం ఎక్కడికీ పోలేదు, వాళ్లకి తెలుసు.

చెయ్యి ఊపుతున్నారు, చూశాను. ఒక్కటి చెప్పి దిగిపోతాను.

మా ఆయనకి చేపలంటే ప్రాణం. పోర్టులో డ్యూటీ దిగి వస్తూ తానే తెచ్చేవాడు. ఆయన పోయాక ఏడాదిపాటు మా పొయ్యి మీద చేప ఎక్కలేదు. వీధిలో చేపలమ్మే ఆవిడ గుమ్మం ముందు గంప దించడం, నేను తల అడ్డంగా ఊపడం, ఆవిడ వెళ్లిపోవడం. ఒకరోజు గంప దించి, అడక్కుండానే నాలుగు కానాగంతలు తీసి గుమ్మంలో ఆకు మీద పెట్టింది. "ఏటమ్మా, ఆయనగోరు పోతే నువ్వు తిండి మానేసినావేటి? వొండుకో తల్లీ" అంది. డబ్బులివ్వబోతే కసిరింది. ఆవిడ చర్చికి రాదు, ఈస్టర్ అంటే ఏమిటో కూడా తెలీదు.

ఆ సాయంత్రం చింతపండు నానబెట్టాను. ఏడుస్తూనే ముక్కలు కడిగాను, ఏడుస్తూనే పులుసు పెట్టాను. ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాను, నోట పెట్టుకునేలా లేదు. అన్నం కలుపుకుని మొత్తం తిన్నాను.