లంకెబిందెలు తవ్వే చదువా ఇది?

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఈ రోజు వీడియో ఒక చెల్లి కోసం చేస్తున్నాను. సూర్యాపేట వైపు అమ్మాయి, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. తను పెట్టిన మెసేజ్ చదువుతాను వినండి. "అక్కా, డిగ్రీలో ఆర్కియాలజీ, అదే పురావస్తు శాస్త్రం, తీసుకుంటానంటే మా నాన్న నవ్వి, లంకెబిందెలు తవ్వుతావా అన్నాడు. అసలు ఇందులో ఏం నేర్పిస్తారు? ఉద్యోగం వస్తుందా?"

చెల్లీ, నాన్న మాటకు బాధపడకు. నేను ఈ చదువులో చేరినప్పుడు మా మేనమామ కూడా అచ్చం ఇదే మాట అన్నాడు. మన ఊళ్లలో తవ్వకం అంటే ముందు గుర్తొచ్చేది గుప్తనిధులే. పాడుబడిన గుళ్లో శివలింగాన్ని పెకలించారనో, నందిని పగలగొట్టారనో పేపర్లో చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. ఆ రాళ్ల కింద ఏమీ ఉండదు. ఉన్న ఒక్క గుడీ పోతుంది.

సరే, బిందెల సంగతే మాట్లాడుకుందాం. మీ జిల్లాలోనే ఫణిగిరి ఉంది కదా, పాత బౌద్ధ క్షేత్రం. 2024 మార్చిలో అక్కడి తవ్వకంలో రెండడుగుల లోతున ఒక చిన్న మట్టికుండ బయటపడింది. జానెడు ఎత్తు కూడా లేదు. మూతి మీద మూత, లోపల నిండా నాణేలు. లెక్కపెడితే 3,730. అన్నీ సీసం నాణేలే. నిధుల ముఠాకు దొరికి ఉంటే బంగారం కాదని అక్కడే పారబోసి పోయేవాళ్లు. అదే చదువుకున్నవాళ్ల చేతికి వచ్చింది కాబట్టి ఒకవైపు ఏనుగు బొమ్మ, రెండోవైపు ఉజ్జయిని గుర్తు, అంటే కొసల్లో సున్నాలున్న కూడిక గుర్తు లాంటిది, ఉన్నాయని చూశారు. శాతవాహనుల తర్వాత ఇక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలం నాటివని, అంటే దాదాపు 1,700 ఏళ్ల కిందటివని గుర్తుపట్టారు. ఇక అక్కణ్ణుంచి అసలు ప్రశ్నలు మొదలవుతాయి. బౌద్ధ భిక్షువులు ఉండే చోట ఇంత డబ్బు ఎవరిది? ఎవరు దాచారు? దాచినవాళ్లు మళ్లీ వచ్చి ఎందుకు తీసుకోలేదు? కుండ దాచిన చోటే దొరికింది కాబట్టే ఈ ప్రశ్నలు వేయగలుగుతున్నాం. అదే కుండ ఏ పాతసామాన్ల షాపులోనో కనిపించి ఉంటే, అవి కిలోల లెక్కన తూచే సీసం ముక్కలు.

మొదటి సంవత్సరం నుంచి చివరిదాకా నేర్పించేది ఇదే. ఏం దొరికింది అన్నదాని కంటే ఎక్కడ, ఏ పొరలో, దేని పక్కన దొరికింది అన్నది ముఖ్యం. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. నాకు ఒంటికి పట్టడానికి మాత్రం ఒక తప్పు చేయాల్సి వచ్చింది.

మా మొదటి శిక్షణ తవ్వకం ఒక పాటిదిబ్బ మీద జరిగింది. పాటిదిబ్బ అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒకప్పుడు ఊరుండి పాడైపోయిన చోటు. రైతులు ఆ పాటిమట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకుపోతారు, ఎరువుగా బాగా పనిచేస్తుందని. అక్కడ మాకు చతురస్రంగా తాళ్లు కట్టి, మేస్త్రీ చేతిలో ఉండేలాంటి చిన్న తాపీ ఒకటి ఇచ్చి కూర్చోబెట్టారు. తవ్వడం అంటే గడ్డపార వేయడం అనుకున్నాను. తీరా చూస్తే తాపీ అంచుతో మట్టిని గీకడమే. పొద్దున్నే గుంట గోడ మీద నీళ్లు చిలకరిస్తే, ఆ తడిలో పొరలు ఒక్కొక్కటిగా రంగు తేలతాయి. ఒకటి బూడిద రంగు, దాని కింద పసుపు మన్ను, ఆ కింద ఇటుక పొడి కలిసిన ఎర్రమట్టి. ఎండెక్కాక చూస్తే అంతా ఒకటే మట్టి. అందుకే పొరల గీతలన్నీ పొద్దున్నే గీసేసుకోవాలి.

మూడో రోజు మధ్యాహ్నం రెండు పొరల కుండ పెంకులు నేను ఒకే సంచిలో వేసేశాను. పెంకులే కదా, సాయంత్రం విడదీద్దాం అనుకున్నాను. సాయంత్రం చూస్తే ఏది ఏ పొరదో చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. మా సార్ తిట్టలేదు. ఆ సంచి మీద "పొర తెలియదు" అని నా చేతే రాయించి పక్కన పెట్టించారు. వందల ఏళ్లు భూమి జాగ్రత్తగా వరసపెట్టి దాచినదాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో కలిపేశాను. తవ్విన పొరను మళ్లీ తవ్వలేం. ఆ సంచి ఇప్పటికీ నా కళ్లముందు కదులుతూనే ఉంటుంది.

పెంకులంటే విసుగు పుడుతుందేమో అనుకోకండి. మన దక్షిణాదిలో ఇనుపయుగం సమాధుల్లో, మన జనం రాకాసిగుళ్లు అని పిలిచే చోట్ల, లోపల నల్లగా బయట ఎర్రగా ఉండే కుండలు దొరుకుతాయి. చేతిలోకి తీసుకుని అంచు చూస్తే నలుపు ఎక్కడ ఆగి ఎరుపు ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. కుండను బోర్లించి కాలిస్తే గాలి తగలని లోపలి భాగం నల్లబడుతుంది, గాలి తగిలిన బయటి భాగం ఎర్రబడుతుంది. అంటే ఆ పెంకులో కుమ్మరి ఆవం కూడా ఉంది. కుండను ఎలా పేర్చాడో, మంట ఎలా పెట్టాడో రెండున్నర వేల ఏళ్ల తర్వాత మనం చదవగలుగుతున్నాం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ బూడిద దిబ్బలది. తెలంగాణ, రాయలసీమ, బళ్లారి ప్రాంతాల్లో ఇవి ఉన్నాయి. బళ్లారి దగ్గర కుడతినిలో అయితే భీముడు హిడింబాసురుణ్ణి చంపి కాల్చిన బూడిద అని జనం చెప్పుకునేవారు. చదువుకున్నవాళ్లు కూడా తక్కువ వాదించలేదు. అగ్నిపర్వతం బూడిద అన్నారు, ఇనుము కరిగించిన చోటు అన్నారు. బ్రిటిష్ కాలపు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ పశువుల పేడ కాలిన బూడిద అన్నాడు. తేల్చింది పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, ఇది వేరు. 1957లో బ్రిటిష్ ఆర్కియాలజిస్టు ఆల్చిన్ అక్కడ తవ్వితే బూడిద పొరల్లో పశువుల గిట్టల అచ్చులు కనిపించాయి. గుంజలు పాతి కట్టిన దొడ్డి ఆనవాళ్లూ దొరికాయి. సుమారు 4 వేల ఏళ్ల కిందట దొడ్డిలోకి తోలిన ఆవులు తొక్కిన అడుగులు! రాజు లేడు, శాసనం లేదు, బంగారం లేదు. సాయంత్రం మంద ఇంటికొచ్చిన గుర్తు మాత్రం మిగిలింది.

ఇలాంటి దిబ్బల్లో ఎన్నో ఎరువు కోసం తవ్వకాల్లో కరిగిపోయాయి. మరి ఆ రైతుకు చెప్పేదెవరు, ఎలా చెప్పాలి? ఈ చదువులో రెండో సగం అక్కడ మొదలవుతుంది. వారసత్వ నిర్వహణ, హెరిటేజ్ మేనేజ్‌మెంట్ అంటారు దాన్ని.

అది లేకపోతే ఏమవుతుందో అమరావతి బౌద్ధ స్తూపాన్ని చూడండి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ మొదటిసారి వచ్చేనాటికే కొత్త ఊరి కట్టడాల కోసం స్తూపం దిబ్బలోంచి ఇటుకలు, రాళ్లు తీస్తున్నారు. 1816లో సర్వే కోసం మళ్లీ వచ్చేసరికి మరెన్నో పలకలు పోయాయి. చెక్కిన సున్నపురాయిని కాల్చి సున్నం చేసుకున్నారు కూడా. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి తీయించినవి మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం తర్వాత లండన్ వెళ్లింది. ఈ రోజు అమరావతి శిల్పాల్లో ఎక్కువ భాగం చూడాలంటే చెన్నై మ్యూజియానికో బ్రిటిష్ మ్యూజియానికో పోవాలి. స్తూపం ఉన్నచోట గుండ్రటి పునాది, కొన్ని పలకలు. నేను అక్కడ నిలబడిన రోజు నాకు నోట మాట రాలేదు.

నాగార్జునకొండలో మాత్రం ముందే మేలుకున్నారు. నాగార్జునసాగర్ డ్యామ్ కడితే లోయంతా మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్కియాలజిస్టు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయను తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీదా, దగ్గర్లోని అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. లోయ పోయింది, ఆ మాట దాచలేం. కానీ ఎక్కడ ఏముండేదో రాసిపెట్టారు.

కాపాడటం అంటే కంచె వేసి బోర్డు పెట్టడం కాదు అని నేను గట్టిగా నమ్ముతాను. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం చేయకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. 2010లో సవరించిన చట్టం అది. అవసరమైన చట్టమే. కానీ ఆ 100 మీటర్లలో తాతల నాటి ఇల్లు ఉండి, కూతురి పెళ్లికి ఒక గది వేసుకోలేని కుటుంబానికి ఆ కట్టడం మీద ప్రేమ ఎలా పుడుతుంది? వాళ్లింటి అరుగు మీద కూర్చుని మాట్లాడటం, అనుమతి కాగితాలు ఎలా పెట్టాలో చెప్పడం, వచ్చే టూరిస్టుల వల్ల ఆ ఊరికి నాలుగు రూపాయలు అందేలా చూడటం, ఇవన్నీ చదువులో భాగమే. ఊరివాళ్లను దొంగల్లా చూసే పద్ధతి నాకు నచ్చదు. చాలా శాసనాలు ఉన్నాయని మనకు మొదట చెప్పింది వాళ్లే.

ఇక నాన్న ప్రశ్న, ఉద్యోగం. ఉన్నదున్నట్టు చెప్తాను. మన దేశంలో ఈ సబ్జెక్టు ఎక్కువగా పీజీలోనే ఉంది. డిగ్రీలోనే చదవాలంటే బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, కాశీ హిందూ యూనివర్సిటీ లాంటివి చూడు. బరోడాలో ఆ శాఖను నిలబెట్టింది బెండపూడి సుబ్బారావు గారు. దూరం పంపరంటే దగ్గర్లోనే హిస్టరీతో బీఏ చెయ్యి, తర్వాత పీజీలో ఇటు రావచ్చు. పూణె డెక్కన్ కాలేజీ పేరు పీజీకి, పరిశోధనకి. ఆర్కియలాజికల్ సర్వే నడిపే రెండేళ్ల పీజీ డిప్లొమా గ్రేటర్ నోయిడాలో ఉంది. ఒక్క డిగ్రీతో ఆర్కియాలజిస్టు పోస్టు వస్తుందని ఎవరైనా అంటే నమ్మకు, పీజీ దాకా వెళ్లాల్సిందే. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే టెన్షన్ మాత్రం ఎక్కువ. కాబట్టి చేతిలో ఇంకో పని కూడా ఉండాలి. జీఐఎస్ మ్యాపులు (కంప్యూటర్‌లో తయారుచేసే మ్యాపులు), డ్రాయింగ్, పాత లిపి చదవడం, వీటిలో ఏదో ఒకటి గట్టిగా పట్టుకో. నన్నడిగితే పాత తెలుగు లిపి. మన శాసనాలను మనవాళ్లే చదవాలి.

ఈ ఆదివారం నాన్నను తీసుకుని ఫణిగిరి వెళ్లు. గుట్ట ఎక్కేటప్పుడు కింద పెంకు కనిపిస్తే చూడు, ఫోటో తీసుకో, ఉన్నచోటే వదిలెయ్. పైకెళ్లాక ఆ సీసం నాణేల కుండ సంగతి నాన్నకు నువ్వే చెప్పు. ఆయన ఏమన్నాడో నాకు మెసేజ్ పెట్టు, ఎదురుచూస్తుంటాను.