సంచితో మొదలుపెడదాం

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్ శివార్లలో బాలాపూర్, పహాడీ షరీఫ్ వైపు వెళితే వెదురు కర్రలు, టార్పాలిన్లతో వేసుకున్న గుడిసెలు కనిపిస్తాయి. మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి, ముఖ్యంగా 2012 అల్లర్ల తర్వాత, ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యా కుటుంబాలవి. చాలామందికి కూలి పనో, చెత్త ఏరి అమ్ముకోవడమో బతుకుతెరువు. పిల్లల తల్లులు దూరం పోలేరు. అందుకే సాయం చేద్దామనుకునే ఎవరికైనా ముందు తట్టేది కుట్టుమిషనే. తట్టడం మంచిదే. మూడు నెలలు నేర్పి, సర్టిఫికెట్ ఇచ్చి, ఫొటో దిగి వెళ్లిపోతే మాత్రం ఆ మిషన్ బట్టలు ఆరేసుకోవడానికే పనికొస్తుంది.

శిక్షణ అనగానే జాకెట్టుతో మొదలుపెడతారు. అక్కడే తప్పటడుగు. జాకెట్టుకు ఒక్కో మనిషిది ఒక్కో కొలత. చంక దగ్గర అరంగుళం తేడా వస్తే చెయ్యి ఎత్తనివ్వదు. పట్టు ముక్క పాడైతే డబ్బు కట్టాల్సింది కుట్టినావిడే. ముందు చేయి కుదరాలి. దానికి గుడ్డ సంచికి మించిన పాఠం లేదు. అన్నీ తిన్నని కుట్లే, అందరికీ ఒకటే కొలత.

మిషన్ తొక్కుడుదే కొనండి. గుడిసెల్లో కరెంటు తీగలు ఎలా లాగి ఉంటాయో చూస్తే మోటారు పెట్టాలనిపించదు. గుడ్డను మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో దాచాలి. వానాకాలంలో ఒక్క రాత్రి చాలు, బూజు మచ్చ పడటానికి.

ఇక కటింగ్. కోరా నూలు గుడ్డను రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. ఇది మానేస్తే మొదటి ఉతుకుకే సంచి కుంచించుకుపోతుంది, కొన్నవాళ్లు రెండోసారి రారు. తడిపి ఆరేశాక 36 అంగుళాల పన్నా (వెడల్పు), 39 అంగుళాల పొడవు మిగిలిన ముక్కలో రెండు సంచులొస్తాయి. పన్నాకు అడ్డంగా 15 అంగుళాల పట్టీలు రెండు, 4 అంగుళాల పట్టీలు రెండు కత్తిరించండి. పెద్ద పట్టీ పొడవు 35 అంగుళాలకు సరిచేసి సగానికి మడిస్తే ఒక్కోటి ఒక్కో సంచి. చిన్న పట్టీని సగానికి కోస్తే 18 అంగుళాల చేతిపట్టీలు రెండు. చదువు రానివాళ్లకు ఈ అంకెలు చెప్పే బదులు గట్టి అట్టముక్కలు కొలతకు కోసి ఇవ్వండి. అట్ట పెట్టి సుద్దతో గీస్తే చాలు.

పక్క కుట్టు రెండుసార్లు వేయాలి. గుడ్డ మంచివైపు బయటికి ఉంచి పావు అంగుళంలో ఒక కుట్టు. అంచును సగానికి కత్తిరించి, తిరగేసి, మళ్లీ పావు అంగుళంలో ఇంకో కుట్టు. కత్తిరించకుండా తిరగేస్తే పోగులు బయటికి పొడుచుకొస్తాయి. పైఅంచు అరంగుళం ఒకసారి, అంగుళం ఇంకోసారి మడవాలి. పట్టీని నాలుగు మడతలు వేసి కుట్టి, పక్క కుట్టు నుంచి మూడున్నర అంగుళాల దూరంలో, పైఅంచు మడతలోకి దూర్చి, పైకి తిప్పి, చదరంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేయాలి. అక్కడ చాలా పొరలుంటాయి. 14 నంబరు సూది విరగొచ్చు. 16 నంబరు పెట్టి, పట్టీలు కలిసే ఆ నాలుగు చోట్లా చక్రం చేత్తో తిప్పుతూ కుట్టమనండి.

కింద దారం గుత్తులు గుత్తులుగా వస్తే కొత్తవాళ్లు కింది దారం కండె ఉండే బాబిన్ కేసు స్క్రూ మీద పడతారు. సాధారణంగా తప్పు పైదారానిది. అది దారాన్ని బిగించి పట్టే పళ్లేల మధ్యకు దిగకపోయి ఉంటుంది. గుడ్డను నొక్కి పట్టే మిషన్ పాదం ఎత్తి పైదారం మళ్లీ ఎక్కిస్తే సరిపోతుంది.

ధర దగ్గరే చాలా పథకాలు బోర్లాపడతాయి. ఉదాహరణకు సంచికి గుడ్డ 45 రూపాయలు, దారం, ఇస్త్రీ, పాడయ్యే ముక్కలకు 5 అనుకుందాం. గంటకు రెండు సంచులు కుట్టే ఆవిడకు గంటకు 60 రూపాయలు రావాలంటే సంచికి కూలి 30. అంటే 80 రూపాయలు. రవాణా, అమ్మేవాళ్ల వాటా ఇంకా కలవలేదు. దుకాణదారు 60కి అడిగితే ఆమెకు మిగిలేది గంటకు 20 రూపాయలే. అలాంటి ఆర్డరు వద్దనండి. ‘పాపం, శరణార్థులు కదా’ అని కొనేవాళ్లు ఒక్కసారే కొంటారు. కుట్టు బాగుందని కొనేవాళ్లే మళ్లీ వస్తారు.

చేతిలో ఇప్పటికే ఏ పని ఉందో అడగడం చాలామంది మరిచిపోతారు. 1959 అక్టోబరు 2న డార్జిలింగ్‌లో మొదలైన టిబెటన్ శరణార్థుల స్వయంసహాయ కేంద్రం టిబెట్ తివాచీల నేతను, కొయ్యపనిని జీవనోపాధిగా నిలబెట్టింది. బాలాపూర్‌లోనూ సూదిపని వచ్చిన ఆడవాళ్లుంటే సంచి మీద చిన్న పువ్వు కుట్టించండి. పట్టే సమయం కొలిచి, ఆ కూలి విడిగా కట్టండి.

చివరగా డబ్బు. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు, శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. ఆధార్ లేనివాళ్లకు బ్యాంకు ఖాతా గగనమే. కాబట్టి నగదే ఇవ్వాల్సి వస్తుంది. ఒక్కొక్కరికీ ఒక నోటుబుక్కు పెట్టండి. ఇచ్చిన సంచికి నిలువు గీత, ఊడదీసి మళ్లీ కుట్టాల్సినదానికి సున్నా. వారం చివర గీతలు ఆమె చేతే లెక్కపెట్టించి, డబ్బు ఆమె చేతికే ఇవ్వండి. పుస్తకం ఆమె దగ్గరే ఉండాలి.