రెక్కల కన్నా ముందు పెట్రోలు గొట్టం
(అమెరికాలోని తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ఆదివారం మధ్యాహ్నం కునుకు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చెప్పి కృతజ్ఞతలు తెలుపుకోవడం మన ఆనవాయితీ. నాకిచ్చింది అరగంటే కాబట్టి ఆ మర్యాద తగ్గించుకుంటున్నాను. పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం "గ్యారేజీలో విమానం". ఈ హాల్లో కిట్ తెచ్చుకుని కడుతున్నవాళ్లున్నారు, కొందామా అని చూస్తున్నవాళ్లున్నారు, ఎవరో కట్టినదాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనబోతున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇంటివాళ్లు కూడా పక్కనే కూర్చున్నారు. అమ్మా, మీరూ వినాలి. ఇవాళ నేను చెప్పబోయే పరీక్షల్లో రెండు మూడు మీరు పక్కన నిలబడి చేయించదగ్గవి.

కొత్తవాళ్ల కోసం చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ దేశంలో సొంతంగా విమానం కట్టుకోవడం చట్టం ఒప్పుకున్న పని. 1953లో మిల్వాకీలో పాల్ పోబరెజ్నీ మరికొందరితో కలిసి ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ (ఈఏఏ) అనే సంఘం పెట్టారు. ఏటా జులై చివర విస్కాన్సిన్‌లోని ఆష్కాష్‌లో జరిగే విమానాల జాతర వాళ్లదే. విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏ లెక్కలో ఇలాంటివి "ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్ బిల్ట్" విమానాలు. నేర్చుకోవడానికో సరదాకో కడుతూ, పనిలో సగానికి మించి మీరో మీలాంటి మరో అమెచ్యూరో చేసి ఉండాలి. 51 శాతం రూలు అంటారే, అదే. ఎక్కువ భాగం కట్టినవారు రిపేర్‌మన్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది వస్తే ఏటేటా చేయాల్సిన తనిఖీ మీరే చేసుకోవచ్చు. సర్టిఫై అయిన ఇంజిను, ప్రొపెల్లరు జోడీ అయితే సాధారణంగా మొదటి 25 గంటలు, కాకపోతే 40 గంటలు, కేటాయించిన ప్రాంతంలోనే పరీక్షగా ఎగరాలి. మన ఊళ్లలో మోటార్‌సైకిల్ ఇంజిన్ పెట్టి విమానం చేద్దామనుకునే కుర్రాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు కదా, వాళ్లకు మాత్రం ఒక్క మాట చెప్పండి: అక్కడి విమానయాన సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషనూ అనుమతీ లేకుండా చక్రాలు నేల విడవకూడదు.

ఇక పని. మీరందరూ నన్ను రేకులు కలిపి బిగించే రివెట్ల గురించి అడుగుతారని తెలుసు. అడగండి, మంచిదే. 3/32 అంగుళాల రివెట్‌కు 40 నంబరు డ్రిల్లు, 1/8కి 30 నంబరు. రంధ్రం అంచున మిగిలే గరుకు (బర్) తీసేయాలి. కొట్టాక రివెట్ తోక, దాని కాడ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు వెడల్పుగా, సగం ఎత్తులో పరుచుకోవాలి. అంటే 3/32 రివెట్‌కు సుమారు 3.6 మిల్లీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల ఎత్తు. రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకు రివెట్ వ్యాసానికి కనీసం రెండు రెట్లు దూరం ఉండాలి. తోక ఒక పక్కకు వాలిందంటే వెనక నుంచి ఆనించే ఇనుప దిమ్మ (బకింగ్ బార్) తిన్నగా పట్టలేదన్నమాట. తలకు డ్రిల్లు పెట్టి తీసేసి మళ్లీ కొట్టండి. అయిపోయింది.

రివెట్ల మీద ఇంత మోజెందుకో నాకు తెలుసు. అవి కంటికి కనబడతాయి. ఎవరింటికి వెళ్లినా రెక్క మీద చెయ్యి వేసి నిమిరి చూపిస్తారు. పెట్రోలు గొట్టాన్ని నిమిరి చూపించినవాళ్లు నాకు తగల్లేదు. వేలల్లో ఉన్న రివెట్లలో ఒకటి వదులైతే రెక్క ఊడదు. పెట్రోలు దారి మాత్రం చాలాచోట్ల ఒకే గొట్టం, ఒకే వాల్వు, ఒకే కార్బురేటరు. అందులో ఎక్కడ ఆగినా ఇంజిన్ ఆగుతుంది.

ప్రమాదాలను దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో ఈ విమానాల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. ఎయిర్‌లైన్లవీ సైన్యానివీ కాని (జనరల్ ఏవియేషన్) విమానాల్లో ఇవి అప్పట్లో దాదాపు 10 శాతం. 2011 ప్రమాదాల్లో మాత్రం 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం వీటివే. ఎక్కువసార్లు కనబడిన కారణాలు రెండు: ఇంజిన్ శక్తి పోవడం, గాల్లో అదుపు తప్పడం. ఈ రెండూ వేరువేరని అనుకోకండి. ఎక్కుతుండగా ఇంజిన్ ఆగుతుంది, పైలట్ ముక్కు దించడానికి బదులు రన్‌వే వైపు వెనక్కి తిప్పబోతాడు, వేగం పడిపోతుంది, స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు మోయడం మానేస్తాయి. రిపోర్టు "అదుపు తప్పింది" అంటుంది. మొదలు మాత్రం పెట్రోలు దగ్గరే ఉండవచ్చు.

అందుకే ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా నడుచుకుంటూ వెళదాం. కట్టేవాళ్లు రాసుకోండి.

ట్యాంకు సీలెంటు రెండు భాగాలుగా వస్తుంది. 10 పాళ్లకు 1 పాలు, అదీ బరువులో. కంటి అంచనా వద్దు, డిజిటల్ త్రాసు వాడండి. హార్డెనర్ తక్కువైతే వారాలు గడిచినా జిగటగానే ఉంటుంది. రేకు గీరి, సాల్వెంటుతో తుడిచాకే పూయాలి. జిడ్డు మీద పూసింది కొన్నాళ్లకు పొరలా లేస్తుంది. లీకు పరీక్షకు కంప్రెసర్ మాత్రం తగిలించకండి. ఒక్క పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) ఒత్తిడి అంటే చదరపు అడుగు రేకు మీద 144 పౌండ్ల తోపు. ట్యాంకు ఉబ్బి సీలు తెగుతుంది. వెంట్ (ట్యాంకులోకి గాలి వచ్చే గొట్టం) ఫిట్టింగుకు బెలూన్ తొడిగి, సైకిల్ పంపుతో కొద్దికొద్దిగా గాలి కొట్టి, రివెట్ల మీద సబ్బునీళ్లు రాసి బుడగలు చూడండి. బెలూన్ మర్నాటికి చిన్నదైందంటే లీకే అని హడావిడి పడొద్దు, రాత్రి చలికీ తగ్గుతుంది. సబ్బునీళ్లదే చివరి మాట. పరీక్ష నెగ్గాక పెట్రోలు పోసి కుదిపి, వడగట్టి, ఖాళీ చేయండి. మళ్లీ చేయండి. డ్రిల్లు తురుము, సీలెంటు ముక్కలు అప్పుడు బయటపడతాయి. లేకపోతే మొదటి టేకాఫ్‌లో ఫిల్టరు దగ్గర బయటపడతాయి.

వెంట్. మన ఇళ్లలో నూనె డబ్బాకు రెండో చిల్లు ఎందుకు పెడతామో అందుకే ఇదీ. గాలి లోపలికి రాకపోతే పెట్రోలు బయటికి రాదు. ఇక్కడి కందిరీగలకు ఆ సన్నటి గొట్టమంటే మహా ఇష్టం, ఒకటి రెండు రోజుల్లో మట్టి పెట్టి మూసేస్తాయి. చివర జాలీ బిగించండి, హ్యాంగర్‌లో ఉన్నప్పుడు ఎర్ర రిబ్బను ఉన్న బిరడా పెట్టండి, ఎగిరే ముందు అది తీయండి.

గొట్టాలు. విమానం ఫిట్టింగులకు ఫ్లేర్, అంటే గరాటులా విప్పిన గొట్టం కొస, 37 డిగ్రీలు. ఆటో దుకాణంలో దొరికే ఫ్లేర్ పనిముట్టు 45 డిగ్రీలది. రెండూ బిగుస్తాయి, అదే ప్రమాదం. తప్పు కోణంలో బిగించిన అల్యూమినియం ఫ్లేర్ అంచున మాత్రమే ఆనుతుంది. కారితే ఇంకా బిగిస్తాం, బిగిస్తే చిట్లుతుంది. నట్టు, స్లీవు ముందు ఎక్కించి తర్వాత ఫ్లేర్ చేయాలి. ఇది మరిచిపోయి గొట్టాలు పారేసుకోనివాళ్లు అరుదు. ఫ్లేర్ జాయింటుకు ఏ పూతా అక్కర్లేదు. కొనకు సన్నబడే మరలున్న పైపు ఫిట్టింగుకు పెట్రోలుకు తట్టుకునే పేస్టు, అదీ మొదటి రెండు మరలు వదిలి, పలచగా. టెఫ్లాన్ టేపు వద్దు. మళ్లీ చెబుతున్నాను, టెఫ్లాన్ టేపు వద్దు. బిగించేటప్పుడు దాని పోగులు తెగి, పెట్రోలుతో పాటు కార్బురేటర్‌కు చేరి, పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రంలో (జెట్) చిక్కుకుంటాయి.

వేడి. పంపు పీలుస్తున్న వైపు గొట్టంలో ఒత్తిడి తక్కువ, అక్కడ పెట్రోలు త్వరగా ఆవిరవుతుంది, ఆ బుడగలు ధారను ఆపేస్తాయి. అందుకని ఎలక్ట్రిక్ పంపు వీలైనంత కింద, ట్యాంకుకు దగ్గరగా ఉండాలి. పీల్చే వైపు 90 డిగ్రీల మోచేతులు తగ్గించండి. ఫైర్‌వాల్ (ఇంజినుకూ మనకూ మధ్య గోడ) దాటిన హోసుకు మంట తట్టుకునే ఫైర్‌స్లీవ్ తొడగండి, ఎగ్జాస్ట్‌కు దూరంగా నడపండి. టెక్సస్ ఎండలో కారు పెట్రోలు పోసుకుని రన్‌వే దగ్గర పది నిమిషాలు క్యూలో నిలబడేవాళ్లు ఈ మాట రెండుసార్లు వినాలి.

ఇప్పుడు ఇంటివాళ్లు పక్కన ఉండి చేయించాల్సిన పరీక్ష. మొదటిసారి ఎగరడానికి ముందు, విమానం ముక్కును అది ఎక్కబోయే అత్యంత నిటారు కోణానికి లేపి కట్టండి. ట్యాంకులో పెట్రోలు అడుగున మాత్రమే ఉంచండి. కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి, కొలత గీతలున్న పాత్రలోకి వదలండి. ఆరుబయట, అగ్నిమాపక సిలిండర్ పక్కన పెట్టుకుని, పాత్రకూ విమానానికీ మధ్య ఎర్తింగ్ తీగ కలిపి చేయాలి. ఎంత రావాలి? ఎఫ్ఏఏ సలహా పత్రం లెక్క గంటకు ఒక్కో హార్స్‌పవర్‌కు 0.55 పౌండ్లు. 160 హార్స్‌పవర్ ఇంజినుకు 88 పౌండ్లు, అంటే సుమారు 55 లీటర్లు. పంపు ఉంటే దానికి 125 శాతం, కేవలం ఎత్తు నుంచి కారే పద్ధతైతే 150 శాతం. నిమిషం లెక్కన చూస్తే పంపుతో కనీసం 1.16 లీటర్లు, పంపు లేకుండా 1.4 లీటర్లు. రెండు ట్యాంకులకూ విడివిడిగా. ధార ఆగిపోయాక ట్యాంకులో మిగిలింది కూడా కొలవండి, అది మీకు ఎన్నడూ అక్కరకు రాని పెట్రోలు. గేజీ మీద సున్నా అక్కడే పెట్టాలి.

ఈ పరీక్షకు ఒక మధ్యాహ్నం చాలు. రంగులు ఎంచుకోవడానికి నెలలు పడుతుంది మనకు.

టైమ్ చూపిస్తున్నారు. ఇంకా రెక్కల బరువు, బరువు కేంద్రం (సీజీ) లెక్కలు చెప్పాలని రాసుకొచ్చాను. అవి వదిలేస్తాను. ఏ ట్యాంకు నుంచి పెట్రోలు రావాలో ఎంచే సెలెక్టర్ వాల్వ్ గురించి చెప్పకుండా మాత్రం దిగను.

జాన్ డెన్వర్ పేరు మీకందరికీ తెలుసు. రెండున్నర వేల గంటలకు పైగా ఎగిరిన గాయకుడాయన. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో మాంటెరే దగ్గర సముద్రంలో కూలిపోయాడు. విమానం లాంగ్-ఈజీ. బర్ట్ రుటాన్ డిజైన్, చాలా మంచి డిజైన్. బెంగళూరులో విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ వాళ్లు కూడా దాన్నే కట్టి 1980లలో ఎగరేశారు. దానికి రెండు ట్యాంకులు, ఒక్కసారి ఒక్క ట్యాంకు నుంచే పెట్రోలు వస్తుంది. ప్లాను ప్రకారం సెలెక్టర్ వాల్వ్ పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. ఈ విమానం కట్టిన వ్యక్తి, కూర్చునే చోట పెట్రోలు గొట్టాలు వద్దని, దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి జరిపాడు. దురుద్దేశం లేదు, భద్రత కోసమే అనుకున్నాడు. పిడికి గుర్తులు లేవు. పెట్రోలు ఎంతుందో చూపే గాజు గొట్టాలు వెనక సీటు దగ్గర, వాటికీ గీతలు లేవు.

డెన్వర్ దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ముందురోజు అరగంట మాత్రమే దాంట్లో శిక్షణగా ఎగిరాడు. ఆ రోజు పిడి అందడం లేదని మెకానిక్‌తో కలిసి దానికి పట్టుకారు తగిలించి చూశారు, కుదరలేదు. గేజీ చూసుకోవడానికి చిన్న అద్దం తీసుకున్నాడు. పెట్రోలు పోయమంటారా అంటే, గంటసేపే కదా, వద్దన్నాడు. పైన అయిదు వందల అడుగుల లోపు ఎత్తులో ఇంజిన్ శబ్దం తగ్గడం విన్నవాళ్లున్నారు.

ఇప్పుడు అందరూ ఒక పని చేయండి. కూర్చున్నచోటే. కుడి చెయ్యి ఎడమ భుజం మీదుగా వెనక్కి చాపండి, వెనక ఒక పిడి ఉందనుకుని తిప్పండి. ఇంకా వెనక్కి. మీ కుడికాలు ఏం చేస్తోంది? నేలను తొక్కుతోంది కదూ? దర్యాప్తులో ఆ సీట్లో కూర్చుని ప్రయత్నించినవాళ్లకూ అదే జరిగింది. ఆ కుడికాలి కింద విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్ ఉంది. విమానం ఒక పక్కకు తిరిగి ముక్కు కిందికి వాలింది. ఎన్‌టీఎస్‌బీ ఆయన దృష్టి వాల్వ్ మీదికి మళ్లడం, పొరపాటున కుడి రడ్డర్ తొక్కడం అసలు కారణమంది. ఎగిరే ముందు పెట్రోలు పోయించుకోకపోవడమూ అసలు కారణాల్లో చేర్చింది. సరిపోని శిక్షణ, కట్టినవారు వాల్వ్ ఉంచిన చోటు, గుర్తుల్లేని గేజీలు తోడైన కారణాలంది.

రెండో ట్యాంకులో పెట్రోలుంది. అది నన్ను కలత పెడుతుంది. పెట్రోలుంది, ఇంజిన్ బాగుంది, రెక్కలు బాగున్నాయి, వాల్వ్ పిడి తప్పు చోట ఉంది.

కాబట్టి కట్టేవాళ్లు ప్లాను మార్చాలనుకుంటే డిజైనర్‌ను అడగండి, ఈఏఏ టెక్నికల్ కౌన్సిలర్‌ను పిలవండి, ఉచితంగా వచ్చి చూస్తారు. బెల్టులు పూర్తిగా బిగించుకుని, కళ్లు మూసుకుని, భుజం కదపకుండా వాల్వ్ తిప్పగలగాలి. "ఎడమ", "కుడి", "ఆఫ్" రాసి ఉండాలి. పొరపాటున ఆఫ్‌లోకి పోకుండా అడ్డు ఉండాలి.

కొనేవాళ్లు మరీ జాగ్రత్త. ఆ 2012 అధ్యయనంలో చూసిన ప్రమాదాల్లో సగానికి పైగా విమానాలు కట్టినవారి చేతిలో లేవు, కొన్నవారి చేతిలో ఉన్నాయి. ఆ మోడల్ తెలిసిన శిక్షకుడితో గంటలు పెట్టి నేర్చుకోండి, అరగంట చాలదు. పెట్రోలు దారి కొత్తగా గీసుకోండి, అమ్మినవారి బొమ్మను నమ్మకండి. ధార పరీక్ష మళ్లీ మీరే చేయండి.

వెనక బల్ల మీద 37 డిగ్రీల ఫ్లేర్, 45 డిగ్రీల ఫ్లేర్ ముక్కలు పెట్టాను. కంటికి తేడా తెలియదు. పక్కనే గేజీ ఉంది, పెట్టి చూసుకుని వెళ్లండి. మీ పెట్టెలో ఫ్లేర్ పనిముట్టు ఏ కోణానిదో ఈ రాత్రే చూడండి. నమస్కారం.