తువ్వాలు వేసిన సీట్లు

శ్రోతలకు నమస్కారం. మానసిక వ్యాధులకు రెండు మూడు మందులు కలిపి వాడేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. మెదడులో డోపమైన్ అనే రసాయనంతో ఆ మందులకు పేచీ ఎక్కడొస్తుందో ఇవాళ చెబుతాను.

లేని గొంతులు వినబడే స్కిజోఫ్రెనియా అనే జబ్బుకు హాలోపెరిడాల్ అనే మందు వాడుతున్న కుర్రాడు ఉన్నాడనుకుందాం. ఆర్టీసీ బస్సు ఆగగానే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాం చూడండి, ఈ మందు చేసేదీ అదే. మెదడు కణాల మీద డోపమైన్ కూర్చునే సీట్లుంటాయి, డీ2 గ్రాహకాలంటారు. మందు వాటి మీద తువ్వాలు వేస్తుంది. వచ్చిన డోపమైన్ నిలబడాల్సిందే. సుమారు 65 శాతం సీట్లు ఆగితే, లేని గొంతులు వినబడటం తగ్గుతుంది. 80 శాతం దాటితే ఒళ్లు బిగుసుకుంటుంది, చేతులు వణుకుతాయి. మెదడులో ఎన్ని సీట్లు మందు పట్టిందో చూపే పెట్ స్కానింగులో తేలిన లెక్క ఇది. మందుకున్న చోటు ఆ మధ్యనే. ఇరుకు చోటు.

ఇంతలో కుర్రాడికి వాంతులు పట్టుకున్నాయి. మందుల షాపులో మెటోక్లోప్రమైడ్ ఇచ్చారు. వాంతుల బిళ్లే కదా! కానీ అదీ మెదడులోకి వెళుతుంది, అదీ తువ్వాలే వేస్తుంది. ఈ బిళ్ల ఒక్కటే వేసుకున్నా కుర్రవాళ్లకు ఒక్కోసారి ఇబ్బందే, రెండూ కలిస్తే ముప్పు ఇంకా ఎక్కువ. రాత్రికి మెడ పక్కకు తిరిగిపోయింది, కళ్లు పైకి నిలబడ్డాయి, నాలుక మెలిపడింది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందన్నారు. నాకు మనసు కష్టపెట్టేది ఇదే. ఆస్పత్రిలో ప్రొమెథజైన్ ఇంజెక్షన్‌తో చాలావరకు అరగంటలో సర్దుకునే దానికి తాయెత్తుల కోసం తిరుగుతారు.

అలాగని మందు మీద మందు వేస్తే చెడే అనుకోకండి. రిస్పెరిడోన్ కూడా తువ్వాలు వేసే మందే. అది వాడే కొందరు ఆడవాళ్లకు డోపమైన్ అదుపు తప్పి, పాలు పట్టించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి నెలసరి ఆగుతుంది, కాన్పు లేకుండానే పాలొస్తాయి. కొద్దిగా అరిపిప్రజోల్ కలిపితే అది దిగుతుంది. ఎందుకంటే అరిపిప్రజోల్ తువ్వాలు వేసి ఊరుకోదు, తానే కూర్చుని డోపమైన్ పని కొంత చేస్తుంది. అది తెలిసి కలిపిన మందు.

అందుకే జ్వరానికి వెళ్లినా, వాంతులకు వెళ్లినా, పంటినొప్పికి వెళ్లినా మానసిక వైద్యుడి చీటీ వెంట ఉంచుకోండి. సిగ్గుపడి దాచకండి. షాపులోనూ చూపించండి. మెడ తిరిగితే నేరుగా ఆస్పత్రికే, రెండు మందుల పేర్లూ చెప్పండి. భయపడి అసలు మందు మాత్రం మీ అంతట మీరు మానకండి.