ఎగ్జాస్ట్ మోత తగ్గించే మూడు భాగాల కిట్: రెండింటిని పక్కన పెట్టి ఒకదాన్ని ఎందుకు ఉంచుకున్నాను? (రివ్యూ)

ప్రేక్షకులకు నమస్కారం. ఆఫ్టర్‌మార్కెట్ ఎగ్జాస్ట్ (కారు కంపెనీది కాకుండా బయట కొన్నది) బిగించుకున్న తరువాత కారులో కూర్చోవడమే కష్టమైపోయినవారి కోసం తయారైన కిట్ ఇది. తయారీ సంస్థ దీనిని నాకు ఉచితంగా పంపింది. అంతకు మించి డబ్బేమీ ఇవ్వలేదు, వీడియోను ముందుగా చూపించమని అడగనూ లేదు. గొట్టాల వ్యాసమెంత, ఉక్కు ఏ రకానిది, ఏయే కార్లకు సరిపోతుంది అన్న వివరాలను మీరు ఇప్పటికే చూసి ఉంటారు కనుక వాటిని మళ్లీ చదివి వినిపించను. పెట్టెలో ఉన్నవి మూడు: మధ్య గొట్టంలో అమర్చే రెజొనేటర్ అనే శబ్దం తగ్గించే డబ్బా, టెయిల్ పైపు మూతిలో దూర్చే ఇన్సర్ట్, ప్రధాన గొట్టం నుండి పక్కకు చీలి ఒక చివర మూసుకుని ఉండే జె ఆకారపు పైపు. ఈ వీడియోలో ఎక్కువ సేపు నేను ఆ మూడవ దాని గురించే మాట్లాడబోతున్నాను.

ఎగ్జాస్ట్ మోత అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి రెండు రకాలు. వీధిలో నిలబడినవారికి వినిపించే గరుకు శబ్దం ఒకటి; ఒకే వేగంతో వెళుతున్నప్పుడు క్యాబినంతా నిండి, చెవులకన్నా ముందు తలకు తెలిసే హోరు మరొకటి. మొదటిది ఇరుగుపొరుగువారి ఫిర్యాదు, రెండవది మన తలనొప్పి. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్, అంటే ఇంజిన్ ఇరుసు, ఒకసారి తిరిగేలోపు రెండు సిలిండర్లలో ఇంధనం పేలుతుంది కాబట్టి, 2,400 ఆర్పీఎం (నిమిషానికి ఇరుసు తిరిగే చుట్లు) వద్ద సెకనుకు 80 పేలుళ్లు జరుగుతాయి, అంటే హోరు 80 హెర్ట్జ్ వద్ద ఉంటుంది. పై గేరులో సాఫీగా వెళ్లే వేళ చాలా కార్ల ఇంజిన్లు అటుఇటుగా ఈ ఆర్పీఎం దగ్గరే తిరుగుతూ ఉంటాయి. డిక్కీ అడుగు రేకు, పైకప్పు, స్పేర్ టైరు గుంట ఆ ధ్వనికి తోడై మోగుతాయి. కంపెనీ నుండి వచ్చిన ఎగ్జాస్ట్‌లో ఉండే పెద్ద మఫ్లర్లు (సైలెన్సర్లు), రెజొనేటర్లు ఈ హోరును కూడా అణుస్తాయి. మనం వాటిని తీసేసి తిన్నటి గొట్టం వేయించుకుని, ఆ తరువాత ఇటువంటి కిట్ల కోసం వెతుకుతాం.

ముందుగా కిట్‌లోని రెజొనేటర్. ఇది లోపల చిల్లుల గొట్టం, దాని చుట్టూ ఫైబర్‌గ్లాస్ కూరిన మామూలు తరహా డబ్బా. ఇదే తరహావి ఇంతకుముందు కూడా వాడాను. ఇది గరుకు శబ్దాన్ని బాగానే మింగుతుంది, ఎక్సలరేటర్ వదిలినప్పుడు వచ్చే చిటపటలను మెత్తబరుస్తుంది. అందులో వంక పెట్టడానికేమీ లేదు. హోరు జోలికి మాత్రం ఇది పోలేదు, పోజాలదు కూడా. 300 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న వాయువులో ధ్వని సెకనుకు సుమారు 480 మీటర్లు పోతుంది కనుక 80 హెర్ట్జ్ తరంగం పొడవు ఆరు మీటర్లు అవుతుంది. కొద్ది సెంటీమీటర్ల మందం ఉన్న పీచు అంత పొడవైన తరంగాన్ని ఏం పీల్చుకోగలదు? పైగా వేడికి, వాయువుల తాకిడికి ఆ పీచు కొంతకాలానికి అరిగి బయటకు ఎగిరిపోతుంది. మోత మళ్లీ మెల్లగా పెరుగుతుంది. డిక్కీలో బ్యూటైల్ షీట్లు (అదురును అణచే రబ్బరు తరహా అట్టలు) అతికించి చూసిన అనుభవమూ నాకుంది: రేకుల అదురు తగ్గింది, తలుపు వేస్తే బరువైన శబ్దం వచ్చింది, హోరు యథాతథంగా మిగిలింది.

ఇక ఇన్సర్ట్ విషయంలో నేను ఓర్పు వహించలేను. టెయిల్ పైపు మూతిని సన్నబరిచే ఈ ముక్కను ఒకే ఒక్క బోల్టు పట్టి ఉంచుతుంది. వేడికి వ్యాకోచించి, చల్లారి సంకోచించే చోట ఒక్క బోల్టు వదులు కాకుండా ఎంతకాలం ఉంటుంది? నాది వదులై, గొట్టంలో గలగలలాడడం మొదలుపెట్టింది. అంతకన్నా ముందు, ఆర్పీఎం పెరిగిన కొద్దీ బయటికి పోవలసిన వాయువు వెనక్కి ఒత్తిడి చేయడంతో ఇంజిన్ ఊపిరాడనట్లు బరువెక్కింది, సన్నని ఈల కూడా తోడైంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసిన డెసిబెల్ తగ్గుదల ఈ ముక్క వల్ల వచ్చిందే. ఆ సంఖ్య అబద్ధం కాకపోవచ్చు, కానీ అది కొలిచేది మన బాధను కాదు. సాధారణ సౌండ్ మీటర్లు, ఫోన్ యాప్‌లు మనిషి చెవి తీరును అనుకరించే ఎ-వెయిటింగ్‌తో కొలుస్తాయి. ఆ పద్ధతిలో 80 హెర్ట్జ్ ధ్వనిని దాదాపు 22 డెసిబెళ్లు తగ్గించి లెక్కిస్తారు. అంటే మన హోరుకు ఆ సంఖ్యలో చోటు దాదాపు లేదు. మంద్ర ధ్వనులను అంతగా తగ్గించకుండా లెక్కించే సి-వెయిటింగ్‌తో కొలిచే మీటరు ఉంటే తేడా తెలుస్తుంది. మీరు కూడా ఇప్పుడు నేను వినిపించబోయే రికార్డింగును హెడ్‌ఫోన్లతో వినండి. ఫోన్ స్పీకర్లు ఇంత మంద్రమైన ధ్వనిని పలికించలేవు, ముందూ తరువాతా ఒకేలా ఉందని నన్ను నిందిస్తారు.

ఇప్పుడు జె పైపు. ప్రధాన గొట్టంలో వెళుతున్న ధ్వనిలో కొంత ఈ పక్క గొట్టంలోకి మళ్లి, మూసిన చివరను తాకి, తిరిగి వస్తుంది. గొట్టం పొడవు తరంగంలో సరిగ్గా నాలుగో వంతు ఉంటే, పోయి రావడానికి సగం తరంగం పడుతుంది కాబట్టి, తిరిగి వచ్చిన ధ్వని ఊగుతున్న ఊయలను ఎదురు తోపుతో ఆపినట్లు అసలు ధ్వనికి అడ్డుపడుతుంది. వాయువు దారిలో అడ్డంకి ఏదీ లేదు, ఇంజిన్‌కు బరువు లేదు, అరిగిపోయే పీచు లేదు. లెక్కలో ఒక మెలిక ఉంది: ఈ పక్క గొట్టంలో వాయువు ప్రవహించదు కనుక అది ప్రధాన గొట్టంకన్నా చల్లగా ఉంటుంది, ధ్వని అక్కడ నెమ్మదిగా పోతుంది. 150 డిగ్రీల వద్ద సెకనుకు 410 మీటర్లు అనుకుంటే 80 హెర్ట్జ్‌కు కావలసిన పొడవు సుమారు 1.28 మీటర్లు, ప్రధాన గొట్టపు వేడితో లెక్కిస్తే అదే ఒకటిన్నర మీటర్లు అవుతుంది. మూడు సిలిండర్ల ఇంజిన్‌కు అదే ఆర్పీఎం వద్ద 60 హెర్ట్జ్ వస్తుంది కాబట్టి పొడవు 1.7 మీటర్లు దాటుతుంది. ఈ అనిశ్చితి వల్లనే వెల్డింగ్ చేసిన జె పైపులు చాలాసార్లు గురి తప్పుతాయి. నేను ఇంతకుముందు వేయించుకున్నది హోరును తీసేయకుండా కొంచెం పై ఆర్పీఎంకు జరిపి ఊరుకుంది.

ఈ కిట్ గొప్పతనం అంతా ఇక్కడే ఉంది. పైపు చివర మూత ఒక క్లాంపు మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. గొట్టాన్ని పొడవుగా ఉంచి, నడిపి చూసి, హోరు ఏ ఆర్పీఎంకు జరిగిందో గమనించి, మూతను కొద్దికొద్దిగా లోపలికి జరుపుతూ పోవాలి. పొడవు సరిపోయిన చోట, నిన్నటిదాకా గొంతు పెంచి మాట్లాడిన పక్క సీటువారితో మామూలుగా మాట్లాడగలుగుతారు. ఇంతటి సంతృప్తిని ఎగ్జాస్ట్ భాగం ఏదీ నాకు ఇవ్వలేదు. అయితే ఇది ఒక సన్నని పరిధిలోనే పనిచేస్తుంది. 1,800 నుండి 3,200 ఆర్పీఎం వరకు అంతటా హోరెత్తే కారుకు ఇది ఒక్కటే చాలదు, దానికి గదులున్న పెద్ద మఫ్లరే దిక్కు.

మాన్యువల్ మీద నాకు కోపం ఉంది. జె పైపును ఎక్కడైనా బిగించుకోవచ్చని అందులో రాశారు. అది తప్పు. తెరిచి ఉన్న టెయిల్ పైపు మూతి దగ్గర ధ్వని పీడనం దాదాపు శూన్యం. అక్కడ బిగిస్తే అది అలంకారమే. పీడనం ఎక్కువగా మారే చోట, అంటే మూతికి బాగా ముందు, మఫ్లరుకు ఇంజిన్ వైపున బిగించినప్పుడే ఫలితం కనిపించింది. రెండవ లోపం, ఇచ్చిన బ్రాకెట్ వల్ల మూసిన చివర కిందికి వాలుతుంది. ఎగ్జాస్ట్‌లో నీటి ఆవిరి ఉంటుంది, అది చల్లబడి ఆ చివర నిలుస్తుంది, లోపలి నుండి తుప్పు పడుతుంది. బ్రాకెట్‌ను తిప్పి చివర కాస్త పైకి ఉండేలా అమర్చుకోండి.

కొనేముందు లీకులు చూసుకోండి. చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని వినిపించినా, ఫ్లాంజి (గొట్టాలు కలిసే అంచు) దగ్గర నల్లని మసి కనిపించినా ఆ అతుకులో ఉండే గాస్కెట్ మార్చడంతోనే సగం మోత పోవచ్చు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసినవారు ముందు దానిని తిరిగి పెట్టించండి. పొగను శుద్ధి చేయడంతో పాటు దాని తేనెపట్టు అమరిక శబ్దాన్ని కూడా తగ్గిస్తుంది.

జె పైపును విడిగా అమ్మితే ఏ సంకోచం లేకుండా కొనమంటాను, మొత్తం కిట్‌గా అయితే రెజొనేటర్ అవసరం ఉన్నవారే కొనండి. మీ కారుకు ఎన్ని సిలిండర్లు, హోరు ఏ ఆర్పీఎం వద్ద మొదలై ఎక్కడ ఆగుతుందో కింద రాయండి. మూతను ఎక్కడ నుండి జరపడం మొదలుపెట్టాలో లెక్క వేసి చెబుతాను.