లా పాఠం చెబితే జీతమెంత? ఎదుగుదల ఎంత? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. లా కాలేజీ అధ్యాపకుల జీతభత్యాల మీద మీ సందేహాలు తీర్చడానికి న్యాయశాస్త్ర ఆచార్యులు ఒకరు మన స్టూడియోకి వచ్చారు. మొదటి ఫోన్ పర్లాకిమిడి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్. విశాఖపట్నంలో లా పీజీ, అదే ఎల్‌ఎల్‌ఎం చేశాను, అధ్యాపకులకి రాష్ట్రం పెట్టే అర్హత పరీక్ష ఆంధ్రా సెట్ పాసయ్యాను. మా ఒడిశా కాలేజీలకి అది సరిపోద్దా సార్?

ఆచార్యులు: సరిపోదమ్మా. 2002 జూన్ 1 తర్వాత పాసైన సెట్ ఏ రాష్ట్రం పెడితే ఆ రాష్ట్రానికే. ఆంధ్రాలోని పాతపట్నంలో చెల్లే కాగితం, పక్కనే ఉన్న పర్లాకిమిడిలో చెల్లదన్నమాట. మీరు జాతీయ అర్హత పరీక్ష నెట్ రాయండి, దేశమంతా చెల్లుతుంది. లా సబ్జెక్టు కోడ్ 58. మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు. తప్పుకి మార్కు కోత లేదు కాబట్టి ఒక్కటీ వదలకండి. లా వాళ్లు సాధారణంగా దెబ్బతినేది మొదటి పేపర్లో. 50 ప్రశ్నలే కదా అని బోధనా సామర్థ్యం, లెక్కలు, పట్టికలు ముట్టుకోరు. అక్కడ 100 మార్కులున్నాయి, రెండు పేపర్లూ కలిపే చూస్తారు. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది.

శ్రోత: ఓబీసీ రిజర్వేషన్ ఉంది సార్.

ఆచార్యులు: మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూడండి, నెట్‌కి అదే లెక్క. రాష్ట్ర జాబితాలో ఉంటే చాలదు. ఒడియా బళ్లో చదివారా?

శ్రోత: లేదు సార్, తెలుగు మీడియం.

ఆచార్యులు: అయితే ఒడిశా ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల్లో ఒడియా భాష షరతు ఉన్న పేరా ముందు చదవండి. ఫీజు కట్టేది ఆ తర్వాతే.

వ్యాఖ్యాత: రాయగడ నుంచి ఒక వకీలు గారు.

శ్రోత: సార్, పొద్దున కాలేజీలో గెస్టుగా పాఠాలు చెప్పి, తర్వాత కోర్టుకెళ్తున్నాను. నా సన్నదుకి, అంటే వకీలు లైసెన్సుకి ఏమైనా ఇబ్బందా?

ఆచార్యులు: రోజుకి మూడు గంటలు దాటనంతవరకు ఇబ్బంది లేదండి. కేంద్ర ప్రభుత్వం చేసిన 1979 నిబంధనలే ఆ వెసులుబాటు ఇచ్చాయి. పూర్తికాలం జీతం తీసుకున్న రోజున మాత్రం ప్రాక్టీసు ఆపాలి. కటక్‌లోని రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి అసలు సన్నదు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేయాలి. చాలామంది అది బీరువాలోనే దాచి ఊరుకుంటారు. ఫిర్యాదు వచ్చిందంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే.

శ్రోత: ఈ గెస్టు ఏళ్లు రేపు పర్మనెంటు అయితే కలుస్తాయా సార్?

ఆచార్యులు: అసలు ప్రశ్న అడిగారు. గెస్టుకి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అదే యూజీసీ, 2019లో పెట్టిన రేటు పీరియడ్‌కి 1,500, నెలకి గరిష్ఠంగా 50,000. చేతికొచ్చేది కాలేజీని బట్టి ఇంకా తగ్గుతుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పాత సర్వీసు కలవాలంటే పదవికి కావలసిన అర్హత అప్పటికే ఉండాలి, సరైన ఎంపిక సంఘం ద్వారా చేరి ఉండాలి, రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి తగ్గని మొత్తం జీతం అందుకొని ఉండాలి. మూడోదాని దగ్గరే గెస్టువాళ్ల బండి ఆగిపోతుంది. పదేళ్లు చెప్పినా లెక్కలో సున్నా. అందుకే జీతం ఎంతనే ముందు నియామకపత్రంలో ఏ పేరుతో రాశారో చూడమంటాను.

వ్యాఖ్యాత: జయపురం నుంచి ఒక తండ్రిగారు.

శ్రోత: మావాడు లా ఆఖరి ఏడు సార్. పాఠాలు చెప్పనా, జడ్జీ పరీక్ష రాయనా అంటన్నాడు. డబ్బు ఏ దాంట్లో ఎక్కువ?

ఆచార్యులు: మొదట్లో జడ్జీకే. జూనియర్ సివిల్ జడ్జి మూలవేతనం 77,840తో మొదలు. కానీ 2025 మే తీర్పుతో మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరైంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి యూజీసీ స్కేలులో 57,700, పైన కరువుభత్యం. ఏటా 3 శాతం ఇంక్రిమెంటు: మరుసటేడు 59,400, ఆపైన 61,200. మెట్టు ఎక్కితే 68,900, తర్వాత 79,800. అసోసియేట్ ప్రొఫెసర్ అయితే ఒక్క దూకుడున 1,31,400, ప్రొఫెసర్‌కి 1,44,200.

శ్రోత: ఎన్నేళ్లు పట్టుద్ది సార్?

ఆచార్యులు: మొదటి మెట్టు పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లు, ఎల్‌ఎల్‌ఎం మాత్రమే ఉంటే అయిదు. తర్వాత అయిదు, మళ్లీ మూడు. అంటే ముందే పీహెచ్‌డీ ఉన్నవాడు పన్నెండేళ్లకి అసోసియేట్. పీహెచ్‌డీ లేకపోతే 79,800 మెట్టు మీదే ఉండిపోవాలి, అసోసియేట్ తలుపు తెరుచుకోదు. నెట్‌లో పైవరసలో నిలిచినవాళ్లకి ఇచ్చే పరిశోధన భృతి జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తూనే నెలకి 37,000 వస్తాయి. ఎల్‌ఎల్‌ఎంలో 55 శాతం తగ్గకుండా చూసుకోమనండి.

శ్రోత: ప్రైవేటు కాలేజీలో?

ఆచార్యులు: ఈ అంకెలన్నీ యూజీసీ స్కేలువి. ఆ స్కేలు ఇస్తామని నియామకపత్రంలో రాసిస్తేనే ఇవి వర్తిస్తాయి. నోటిమాట మీద చేరొద్దు. జీతం బ్యాంకు ఖాతాలో పడాలి, పీఎఫ్ కట్టాలి. ఆ రెండూ ఉంటే రేపు సర్వీసు రుజువు చేసుకోవచ్చు.

వ్యాఖ్యాత: బరంపురం ఫోన్ లైన్లో ఉంది, కానీ సమయం అయిపోయింది. వారి ప్రశ్న వచ్చేవారం తీసుకుంటాం.