పానిక్ అటాక్ మళ్లీ వచ్చినప్పుడు: ఆ తరువాతి వారం

[తెర మీద: ఉదయం వేళ హన్మకొండ బస్టాండు. హైదరాబాద్ బస్సు ఎక్కుతున్న ప్రయాణికులు.]

నమస్కారం. పానిక్ అటాక్‌ల నుంచి, అంటే ఉన్నట్టుండి గుండె దడతో ముంచుకొచ్చే తీవ్రమైన భయం నుంచి, కోలుకుంటున్న వారికి దారి మధ్యలో తగిలే ఒక దెబ్బ గురించి ఈ వీడియోలో మాట్లాడుకుందాం. మొదటిసారి అటాక్ వచ్చినప్పుడు ప్రాణం పోతుందేమోనని భయపడతాము. కానీ నెలల తరబడి బాగుండి, తగ్గిపోయిందని నలుగురికీ చెప్పుకున్న తరువాత మళ్లీ వస్తే, భయం కన్నా ఎక్కువగా సిగ్గు, నిరాశ మిగులుతాయి.

నా సంగతే చెబుతాను. మొదటి అటాక్ నాకు హైదరాబాద్ వెళ్లే బస్సులో, జనగామ దాటిన తరువాత వచ్చింది. దాదాపు ఏడాదిపాటు మళ్లీ బస్సు ఎక్కలేదు. తరువాత ఒక సైకాలజిస్టు దగ్గర కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే చికిత్స) తీసుకుంటూ మొదట కాజీపేట వరకు, ఆపైన స్టేషన్ ఘన్‌పూర్ వరకు, చివరికి ఉప్పల్ దాకా ఒంటరిగా వెళ్లి రాగలిగాను. ఐదు నెలలు ఏ ఇబ్బందీ లేదు.

[తెర మీద: ఎనుమాముల మార్కెట్, మిర్చి బస్తాల వరుసలు.]

ఒక ఫిబ్రవరి ఉదయం ఎనుమాముల మిర్చి యార్డులో నిలబడి ఉండగా ఘాటుకు గొంతు పట్టేసింది. రెండుసార్లు దగ్గాను. ఊపిరి సరిపోవడం లేదనిపించి గట్టిగా పీల్చడం మొదలుపెట్టాను. కాసేపటికే వేళ్లు తిమ్మిరెక్కాయి, కళ్లు తిరిగాయి, గుండె గొంతులో కొట్టుకుంటున్నట్టయింది. ఆటోలో ఇంటికి చేరి మంచం మీద కూర్చుంటే మా అమ్మ, "మంచిగనే ఉంటివి కద బిడ్డా, మళ్ల మొదటికొచ్చిందా?" అని అడిగింది. ఆమె ప్రేమతోనే అడిగింది. అటాక్ పావుగంటలో దిగిపోయింది కానీ, ఆ మాట వారం రోజులు నా చెవుల్లోనే ఉంది.

నిజంగా మొదటికి వచ్చిందా? రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాలు చాలామందికి తెలిసినవే. మెట్రోనోమ్ (లయ కోసం టిక్‌టిక్‌మనే పరికరం) శబ్దం వినిపించి తిండి పెడుతూ పోతే, తరువాత శబ్దం వినగానే కుక్కకు లాలాజలం ఊరేది. తిండి పెట్టకుండా శబ్దం మాత్రమే పదేపదే వినిపిస్తే ఊరడం ఆగిపోయేది. అయితే కొంత విరామం ఇచ్చి మళ్లీ శబ్దం వినిపిస్తే, ఆగిపోయిందనుకున్న లాలాజలం తిరిగి ఊరేది. 1927లో ఆంగ్లంలో వెలువడిన ఆయన ఉపన్యాసాలలో ఈ సంగతి ఉంది. పాత బంధం చెరిగిపోదని, దాని మీద కొత్త పాఠం వచ్చి చేరుతుందని దీనిని బట్టి అర్థమవుతుంది. భయం విషయంలోనూ ఇంతే. పైగా ఆ కొత్త పాఠం ఎక్కడ నేర్చుకున్నామో అక్కడికే అంటుకుని ఉంటుందని తరువాతి పరిశోధకులు చూపించారు. నా ధైర్యమంతా బస్సులో నేర్చుకున్నది. మిర్చి యార్డులో దానికి ఇంకా అలవాటు లేదు.

రెండో కారణం శరీరాన్ని మనం చదువుకునే తీరు. బ్రిటిష్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, గుండె దడ, తలతిరుగుడు లాంటి మామూలు సంకేతాలను మనం ప్రాణాపాయంగా అర్థం చేసుకోవడమే అటాక్‌కు మూలం. ఆ అర్థం భయాన్ని పెంచుతుంది, భయం దడను పెంచుతుంది, పెరిగిన దడ మన అనుమానాన్ని నిజమనిపిస్తుంది. నేను గట్టిగా పీల్చడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తిమ్మిర్లు వచ్చాయి; వాటిని నేను ఊపిరి ఆగిపోవడంగా చదువుకున్నాను. అంతకు ముందు వారం ఇంట్లో పెళ్లి జరగడంతో మూడు రాత్రులు సరిగా నిద్ర లేదు, రోజుకు ఆరేడు కప్పుల చాయ్ తాగాను. అటాక్‌కు ఇది చాలదా?

మన వైపు పెద్దలు దీనిని బుగులు అంటారు. నాకు ఆ మాటే నచ్చుతుంది. అటాక్ అంటే ఎవరో బయటి నుంచి వచ్చి పడినట్టుంటుంది. బుగులు మాత్రం లోపలే పుడుతుంది, లోపలే అణుగుతుంది.

[తెర మీద: చొక్కా జేబు. అందులో మందుల స్ట్రిప్, పల్స్ ఆక్సీమీటర్.]

నా దృష్టిలో అసలు నష్టం అటాక్ వల్ల జరగదు, దాని తరువాతి వారంలో జరుగుతుంది. ఆ వారంలో నేను చేసినవన్నీ చిన్న పనులే. కరోనా నాటి ఆక్సీమీటర్‌ను అల్మారా నుంచి తీసి జేబులో వేసుకున్నాను. ఎప్పుడో డాక్టర్ రాసిన, ఆందోళన తగ్గించే అల్ప్రాజోలం మాత్రల స్ట్రిప్‌ను వేసుకోకపోయినా వెంట ఉంచుకున్నాను. సిటీ బస్సులో తలుపు పక్క సీటే వెతికాను. వీటిలో ప్రతిదీ "నీకు ప్రమాదం ఉంది" అని మెదడుకు చెబుతుంది. పైగా ఏమీ కానప్పుడు ఆ ఘనత మన ఓర్పుకు కాక స్ట్రిప్‌కు దక్కుతుంది. అందుకే అటాక్ తరువాత వీలైనంత త్వరగా అదే చోటికి తిరిగి వెళ్లాలి, భయం దానంతట అది తగ్గేదాకా అక్కడే ఉండాలి, ఊతకర్రలను ఒక్కొక్కటిగా ఇంట్లో వదిలిపెట్టాలి. ఊపిరిని గట్టిగా పీల్చకుండా, నెమ్మదిగా వదలడం మీద దృష్టి పెట్టడం మంచిది. అయితే అది కూడా భయం నుంచి పారిపోయే సాధనంగా మారకుండా చూసుకోవాలి.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. బాగున్నాము కదా అని పానిక్‌కు కూడా రాసే యాంటీడిప్రెసెంట్ (కుంగుబాటు తగ్గించే) మాత్రలను ఒక్కసారిగా ఆపేస్తే తలతిరుగుడు, ఆందోళన రావచ్చు, అవి జబ్బు తిరగబెట్టినట్టే కనిపిస్తాయి. ఆపాలనుకుంటే డాక్టర్ చెప్పినట్టు మోతాదును కొద్దికొద్దిగా తగ్గించాలి. అలాగే అన్ని దడలూ బుగులు కావు. శ్రమ చేసినప్పుడు వచ్చే ఛాతీ నొప్పి, చేతికో దవడకో పాకే నొప్పి, స్పృహ తప్పడం లాంటివి ఉంటే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించుకోవడం కూడా మంచిది. మాట్లాడే మనిషి కావాలనుకుంటే, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ లైన్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

[తెర మీద: మళ్లీ మిర్చి యార్డు. చేతిలో చిన్న నోటు పుస్తకం.]

నేను తిరిగి యార్డుకు వెళ్లడానికి తొమ్మిది రోజులు పట్టింది. మూడో రోజే వెళ్లి ఉండాల్సింది. ఆక్సీమీటర్ ఇంట్లో పెట్టాను, స్ట్రిప్‌ను పెట్టలేకపోయాను. నోటు పుస్తకంలో పదికి ఎంత భయమో రాసుకుంటూ నిలబడ్డాను: లోపలికి రాగానే 7, పది నిమిషాలకు 8, అరగంటకు 4. మధ్యలో దగ్గు వచ్చినప్పుడు పుస్తకం మూసేసి గేటు వైపు చూశాను. బస్తా దించుతున్న హమాలీ ఒకాయన నన్ను చూసి, "ఘాటు బాగున్నది, రుమాలు కట్టుకోరాదు అన్నా" అన్నాడు. అప్పుడు చుట్టూ చూస్తే, యార్డులో అందరూ దగ్గుతూనే ఉన్నారు.